నోటరీ ముద్ర దేనికి సాక్ష్యం?

సైటులో మనోళ్లు నన్ను ఎక్కువగా అడిగేది జీతం గురించి కాదు, కాగితాల గురించి. "అన్నా, ఊళ్లె భూమి పని ఉంది, తమ్మునికి పవర్ ఇయ్యాలె. నోటరీ చేయిస్తే సాలదా?" అంటారు. దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నోటరీ అనే మాట రోమన్లది. 'నోటారియస్' అంటే చెప్పింది చెప్పినట్టు గబగబా రాసుకునే రాతగాడు. తర్వాత యూరప్‌లో వ్యాపారుల ఒప్పందాలకు నమ్మకమైన సాక్షి అయ్యాడు. ఇంగ్లండులో 1533 చట్టంతో నోటరీలను నియమించే అధికారం పోపు నుంచి కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌కు వచ్చింది. ఆయన కింది అధికారే మన దేశంలోనూ నోటరీలను నియమించేవాడు. తెల్లోడు పోయినా ఆ పద్ధతి వెంటనే పోలేదు. 1952లో మన పార్లమెంటు నోటరీల చట్టం చేసింది. అది 1956 ఫిబ్రవరి 14న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలే నియమిస్తున్నాయి.

మనలాంటి వాళ్లకు అంతకన్నా ముఖ్యమైంది 1948 చట్టం. విదేశంలో ఉన్న మన ఎంబసీ, కాన్సులేటు అధికారులు నోటరీ పని చేయొచ్చని అది చెప్పింది. పవర్ కాగితం కోసం లీవు పెట్టి ఊరికి పోకుండా పని జరిగేది దానివల్లే.

ఇన్ని మారినా ఒక్కటి మారలేదు. సంతకం పెట్టింది మీరేనని చెప్పడమే ఆ ముద్ర పని. బేరం మంచిదా చెడ్డదా అన్నది దానికి పట్టదు.

మాతో పనిచేసిన ఒక షట్టరింగ్ కార్పెంటర్‌కు ఊరి నుంచి ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం వచ్చింది. కౌలు పని కోసమే అనుకుని సంతకం పెట్టాడు. అందులో ఉన్నది ఆస్తి మొత్తం అమ్మే హక్కు. ముద్ర సరిగ్గానే పడింది, పొలం మాత్రం పోయింది.

అందుకే కాగితాన్ని తెలుగులో చదివించుకోండి. ఒక్క పని కోసమైతే జనరల్ పవర్ వద్దు, స్పెషల్ పవర్ ఇవ్వండి. సర్వే నంబరు, ఏ పనికి ఇస్తున్నారో స్పష్టంగా రాయించండి. రూములోనే సంతకం పెట్టి పోవద్దు, అధికారి ముందే పెట్టండి. కాగితం ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. మీరే భూమి కొంటుంటే ఇంకో మాట: పవర్ కాగితం మీద కొంటే హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది, రిజిస్టరైన సేల్ డీడ్ ఉండాల్సిందే.

ముద్ర ఎంత పెద్దదైనా, మీ బదులు అది చదవదు.