హాజరు పట్టీలో తండా పిల్లలు

తండా అంగన్‌వాడీలో హాజరు పట్టీ తెరిస్తే గడులు కనిపిస్తాయి. మూడేళ్లు నిండినవాళ్లు ఎందరు, ఎస్టీలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు. నల్లగొండ, పాలమూరు గిరిజనుల యాభై ఏళ్ల చరిత్రను ఆ గడుల్లోనే చదవవచ్చు.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అప్పటికి తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో లేరు. 1976 చట్ట సవరణతోనే చేరారు. అమ్రాబాదు చెంచులు అంతకుముందే ఉన్నారు.

అసలు చిక్కు జనాభా లెక్క దగ్గర వచ్చింది. తొలి నిబంధన ప్రకారం గ్రామాల్లో 1000 మందికి, గిరిజన ప్రాంతాల్లో 700 మందికి ఒక కేంద్రం. నల్లగొండలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. తండా అంటే పెద్ద ఊరికి శివారు, అంతే. కేంద్రం ఊళ్లో ఉంటే మూడేళ్ల పిల్ల వాగు దాటి, చేను గట్ల మీద నడిచి పోవాలి. ఏ యాడి పంపుతుంది? పట్టీలో పేరు ఉంటుంది, పిల్ల ఉండదు. చెంచు పెంటలైతే మరీ చిన్నవి, ఈ లెక్కకు అందనే అందవు.

2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని ఆవాసం అడిగితే, మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలి. ఆ తర్వాత 150 మంది ఉన్న గిరిజన ఆవాసాలకు మినీ కేంద్రాలకు వీలు కలిగింది. వాటిలో అప్పట్లో ఆయా ఉండేది కాదు. వండడం, తూకం వేయడం, ఆడించడం అన్నీ ఒక్క టీచరే చేసేది. అయినా తండా పిల్ల తండాలోనే కూర్చుంది. నా దృష్టిలో పెద్ద మార్పు ఇదే.

ఆడపిల్లల గడి దగ్గర కాస్త ఆగాలి. దేవరకొండ తండాల పసికందులు దత్తత పేరుతో అమ్ముడుపోయిన సంగతి 1999, 2000 ప్రాంతంలో పత్రికలకెక్కింది. పేదరికం, కట్నం అని అందరం చెప్పాం. నాయక్, కారోబారి కూర్చునే మన పంచాయితీలు ఏం చేశాయని మాత్రం అడగలేదు. ఆ గడిలో ఒక్క అంకె తగ్గినా టీచరు ఆ ఇంటి గడప తొక్కాల్సిందే.

పాలమూరులో జూన్ లెక్క వేరు, జనవరి లెక్క వేరు. పండుగలయ్యాక గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, పిల్లలు తల్లిదండ్రుల వెంట పోతారు.

ఇంటి భాషకు అసలు గడే లేదు. 1943లోనే హైమెండార్ఫ్ ఆదిలాబాదు మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టించాడు. 2004లో ఉమ్మడి రాష్ట్రం బంజారా సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువుకు పూనుకుంది. అంగన్‌వాడీ మాత్రం టీచరు ఎవరన్నదాని మీదే నడుస్తోంది. మూడేళ్ల పిల్ల "పాణి" అంటే, తండా కోడలైన టీచరు వెంటనే గ్లాసు అందిస్తుంది. ఊరి నుంచి వచ్చిన టీచరు మొదటి వారం పక్క పిల్లను అడిగి తెలుసుకుంటుంది.