చెనక్కాయ చెక్క నుంచి ప్రొటీన్ డబ్బా దాకా



మన పిల్లల్లో జిమ్ముకు పోయేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్ల మధ్య ఎప్పుడూ నలిగే ప్రశ్న ఒకటుంది. కసరత్తు చేసిన రోజు ప్రొటీన్ పొడి తాగుతాం సరే, సెలవు రోజు తాగాలా వద్దా? ఇంట్లో పెద్దవాళ్ల ప్రశ్న వేరు. ఆ డబ్బాకు పోసే వేల రూపాయలు అసలు దండగ కాదా? రెండింటికీ జవాబు పొడి చరిత్రలోనే దొరుకుతుంది. అందులో మన పాత కోలారు జిల్లాకూ, మైసూరుకూ, హైదరాబాదుకూ పెద్ద పాత్రే ఉంది.

మనం నేటికీ సాండో బనియన్ అంటాం. ఆ సాండో యూజిన్ సాండో అనే వస్తాదు. 1904-05లో మన దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. ఆ కాలంలోనే ఇంగ్లండులో ప్లాస్మన్ అనే పొడి అమ్మేవారు. వెన్న తీసేసిన పాలలో మిగిలిన ప్రొటీన్‌ను ఎండబెట్టి చేసిన పొడి అది. దాని ప్రకటనల్లో సాండో పేరు వాడుకున్నారు. అంటే కండలు చూపించి పొడి అమ్మే వ్యాపారం నిన్న మొన్నటిది కాదు, నూరేళ్లు దాటింది.

మన వైపు అప్పటికి పొడులు లేవు, గరడీలున్నాయి. ముళబాగిలు దగ్గరి దేవరాయసముద్రంలో 1897లో పుట్టిన కె.వి.అయ్యర్ బెంగళూరులో హెర్క్యులిస్ జిమ్నాషియం నడిపారు. మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరుకు వ్యాయామం నేర్పారు. మన బస్సులు పోయే దారిలోని ఊరి మనిషి, కండల విద్యమీద ఇంగ్లీషులో పుస్తకాలు రాసి, కన్నడంలో ‘శాంతల’ నవల కూడా రాశారు. ఆ తరం వస్తాదులు డబ్బా చూడకుండానే దేహాలు తీర్చుకున్నారు.

మరి మన దేశంలో ప్రొటీన్ పొడిని మొదట ఎవరి కోసం తలపెట్టారు? వస్తాదుల కోసం కాదు, ఆకలిగొన్న పిల్లల కోసం. 1950లో మైసూరులో సి.ఎఫ్.టి.ఆర్.ఐ. మొదలైంది. మొదటి డైరెక్టర్ వి.సుబ్రహ్మణ్యన్. అక్కడ చేసిన ‘మల్టీపర్పస్ ఫుడ్’లో మూడు పాళ్లు నూనె తీసిన వేరుసెనగ పిండి, ఒక పాలు సెనగ పిండి. పైన విటమిన్లు, కాల్షియం. అందులో నూటికి నలభై పాళ్లకు పైగా ప్రొటీన్. మన చేలల్లో పండి, గానుగలో నూనె పోగా మిగిలి, ఎద్దులకు పెట్టే చెక్కలో అంత బలముందని శాస్త్రవేత్తలు పట్టుకున్నారు.

అప్పట్లో ప్రపంచమంతా ఒకటే మాట, ప్రొటీన్ కొరత. 1968లో ఐక్యరాజ్యసమితి ప్రొటీన్ సంక్షోభం ముంచుకొస్తోందని నివేదిక ఇచ్చింది. ఆ మాటను నిలదీసినవాళ్లలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ ముందుంది. దాని డైరెక్టర్ సి.గోపాలన్. ఆయన బృందం హైదరాబాదు పక్క పల్లెల్లో బక్కచిక్కిన పిల్లలకు ఏడాదికి పైగా రోజూ 310 కేలరీల తిండి అదనంగా పెట్టి చూసింది. అందులో ప్రొటీన్ 3 గ్రాములే. అయినా పిల్లలు ఎత్తు, బరువు పెరిగారు. 1973లో ఆ ఫలితం అచ్చయింది. కడుపు నిండకపోతే తిన్న ప్రొటీన్‌ను కూడా ఒళ్లు పొయ్యిలో కట్టెలా కాల్చేస్తుంది. కడుపు నిండితే, ఉన్న కొద్ది ప్రొటీన్ కూడా ఎదుగుదలకు పనికొస్తుంది. మరుసటి ఏడాది లాన్సెట్ పత్రికలో ప్రొటీన్ హడావుడినే తప్పుపడుతూ వ్యాసం వచ్చింది.

ఇప్పటి వే పౌడర్ కూడా మిగులు సరుకే. చీజు చేసేచోట పాలు విరిగాక వచ్చే తేటను ఒకప్పుడు పారబోసేవారు, పందులకు పోసేవారు. 1970ల నుంచి దాన్ని సన్నని పొరలగుండా వడకట్టి పొడి చేయడం సాగింది. వెన్న తీసిన పాలు, నూనె తీసిన చెక్క, చీజు తీసిన తేట. మూడు పొడులూ మరో సరుకు చేయగా మిగిలినవే. చెడ్డవని కాదు, మంచి ప్రొటీనే. కానీ అది తిండిలో ఒక భాగం, మందు కాదు, మహిమ కాదు.

ఇక సెలవు రోజు సంగతి. బరువులు ఎత్తినప్పుడు కండ పెరగదు, అలుస్తుంది. తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్లు దాన్ని మరమ్మతు చేసుకుంటుంది. కాబట్టి సెలవు రోజు కూడా ప్రొటీన్ అంతే కావాలి. మన ముందటి తరం తీరు చూడండి. దుక్కి దున్నిన రోజు ముద్ద, ఊరుబిండి. మాంసం పండగకో, చుట్టాలొస్తేనో, అంటే పని లేని రోజున. మన పిల్లలు దాన్ని తిరగేసి, కసరత్తు రోజు రెండు స్కూపులు, ఆదివారం సున్నా అంటున్నారు. రెండు పద్ధతులూ సగమే సరైనవి. రోజూ సమంగా తినాలి.

ఎంత? జాతీయ పోషకాహార సంస్థ లెక్క కిలో బరువుకు 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు కిలోకు 1.4 గ్రాముల నుంచి అంటారు క్రీడా పోషణ నిపుణులు, అంటే 84 గ్రాములు. ఇప్పుడు మన గూళూరు వంటింటి లెక్క చూద్దాం. 300 గ్రాముల రాగిపిండిలో 21, 50 గ్రాముల ఉలవల్లో 11, 50 గ్రాముల చెనక్కాయ గింజల్లో 12, అర లీటరు పాలలో 16, రెండు గుడ్లలో 12. మొత్తం 72. ఇంకో రెండు గుడ్లు వేస్తే 84. అనపకాయల కాలంలో పితికిపప్పు ఉండనే ఉంది. ఉలవలు ఉడికించి కట్టు మాత్రమే తాగితే లెక్క కుదరదు, గింజా తినాలి.

ఇంత తినే వీలు హాస్టల్లో ఉన్నవాడికి, రాత్రి డ్యూటీ చేసేవాడికి ఉండకపోవచ్చు. అలాంటివాళ్లకు తక్కువపడిన మేరకు ఒక స్కూపు పనికొస్తుంది. ఏ రోజు తాగాలన్నది కసరత్తును బట్టి కాదు, ఆ రోజు కంచంలో ఏం తక్కువైందన్నదాన్ని బట్టి. కండల కోసం పొడులు వద్దని 2024లో జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన మాట కూడా మరవొద్దు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోనే కూడదు.

సభ్యులకు మా మనవి ఒకటే. డబ్బా కొనిమ్మని పిల్లవాడు అడిగితే తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని, నిన్న వాడు తిన్నది కాగితం మీద రాయించి లెక్క కట్టండి. కొరత ఉంటే ముందు కంచంలో తీర్చండి. అప్పటికీ మిగిలితే డబ్బా గురించి ఆలోచిద్దాం.