గ్లైడింగ్ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్)

గ్లైడింగ్ అనగా రెక్కలు ఆడించకుండా, ఉన్న ఎత్తును కొద్దికొద్దిగా కోల్పోతూ గాలిలో ముందుకు సాగడం. బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్ ప్లేయింగ్ ఆటల పోరాట నియమాలలో ఇది ఎగరడానికీ, పడిపోవడానికీ నడుమ ఉండే కదలిక. ఈ ఆటలలో మొదటిదిగా పేర్కొనబడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు 1974లో అమెరికాలో వెలువరించారు. దాని వేర్వేరు కూర్పులలో గ్లైడింగ్‌కు వేర్వేరు నియమాలు ఉన్నాయి.

పోరాటంలో కదలిక

ఆటలో పోరాటం రౌండ్లుగా సాగుతుంది. ఒక రౌండు కథలో 6 సెకండ్ల కాలానికి సమానం. ప్రతి పాత్రకూ రౌండులో ఒక వంతు వస్తుంది. గళ్ళ పటం మీద ఒక్కొక్క గడి 5 అడుగులు. సాధారణ మానవ పాత్ర తన వంతులో 30 అడుగులు నడవగలదు. ఎగిరే ప్రాణి తన ఎగిరే వేగం నుండి అడుగులు ఖర్చు చేస్తుంది. పడిపోయేవాడు ఏమీ ఖర్చు చేయడు; ప్రతి 10 అడుగుల పతనానికీ ఆరు ముఖాల పాచిక ఒకటి చొప్పున, గరిష్ఠంగా 20 పాచికల దెబ్బ తింటాడు.

గ్లైడింగ్ చేసేవాడు ఖర్చు చేసేది ఎత్తును. ఆ కదలికను పాత్ర నడక ఖాతాలో వేయాలా, పతనం ఖాతాలో వేయాలా అన్నదే నియమాలు వ్రాసేవారికి ఎదురయ్యే అసలు చిక్కు. పైకి చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న మీదనే పోరాటంలో ఎవరు ఎవరిని అందుకోగలరన్నది ఆధారపడుతుంది.

3.5 కూర్పు

2003లో వచ్చిన 3.5 కూర్పు గ్లైడింగ్‌ను నెమ్మదైన ఎగరడంగా పరిగణించింది. రేసెస్ ఆఫ్ ద వైల్డ్ (2005) అనే పుస్తకంలోని రాప్టోరన్ అనే రెక్కల జాతి ఇందుకు మంచి ఉదాహరణ. రాప్టోరన్ ప్రతి 5 అడుగులు దిగినపుడు 20 అడుగులు ముందుకు పోగలదు. దాని గ్లైడింగ్ వేగం 30 అడుగులు. 40 అడుగుల గోడ మీద నుండి దూకితే మొత్తం 160 అడుగులు వెళ్ళవచ్చును గానీ, వంతుకు 30 అడుగుల చొప్పున అందుకు ఆరు రౌండ్లు పడుతుంది. అంతసేపూ క్రిందనున్న విలుకాండ్రకు అది గురిగా ఉంటుంది.

ఈ కూర్పులో ఎగిరే ప్రాణులను అదుపు నైపుణ్యాన్ని బట్టి ఐదు తరగతులుగా విభజించారు. రాప్టోరన్ గ్లైడింగ్ మధ్య తరగతికి చెందినది. కనుక గాలిలో ఒకేచోట నిలవడం కుదరదు, మలుపు తీసుకోవడానికీ పరిమితి ఉంది. మోస్తున్న బరువు మధ్యస్థమైనా, అధికమైనా గ్లైడింగ్ అసలే సాధ్యం కాదు. అయితే గాలిలో స్పృహ తప్పినా రెక్కలు వాటంతట అవే విచ్చుకుని బిగుసుకుంటాయి. రాప్టోరన్ సుడులు తిరుగుతూ దిగి ఒక్క పాచిక దెబ్బతో బయటపడుతుంది. పక్షి శరీరాన్ని గురించి ఆలోచించి వ్రాసిన నియమమని చెప్పవచ్చు. 3.5 నియమాల నుండి పుట్టిన పాత్‌ఫైండర్ (2009) ఈ తరగతులను ఎగిరే నైపుణ్యపు పరీక్షలో కలిపే, తీసివేసే అంకెలుగా మార్చింది.

ఐదవ కూర్పు

2014 నాటి ఐదవ కూర్పు లెక్కలను తగ్గించింది. ఇందులో పతనం తత్క్షణమే ముగుస్తుంది. 2017 నాటి జనాథర్స్ గైడ్ టు ఎవ్రీథింగ్‌లోని ఐచ్ఛిక నియమం ప్రకారం పడిన మరుక్షణమే 500 అడుగుల వరకు దిగిపోతారు. గ్లైడింగ్‌ను పతనానికి జోడించడంతో దానికి పట్టే కాలం కూడా మాయమైంది.

గిల్డ్‌మాస్టర్స్ గైడ్ టు రావ్నికా (2018)లోని సిమిక్ హైబ్రిడ్ పాత్రకు మాంటా గ్లైడ్ అనే శక్తిని ఎంచుకోవచ్చు. దెబ్బ లెక్కించేటపుడు పతనం నుండి 100 అడుగుల వరకు మినహాయింపు లభిస్తుంది. ప్రతి 1 అడుగు దిగినపుడు 2 అడుగులు ప్రక్కకు పోవచ్చు. 150 అడుగుల నుండి పడితే 50 అడుగులకే, అనగా 5 పాచికల దెబ్బ. 40 అడుగుల గోడ నుండి దూకితే ఒక్క వంతులోనే 80 అడుగులు పోవచ్చు. రాప్టోరన్‌కు ఇంతకు రెట్టింపు దూరం దక్కినా ఆరు రౌండ్లు పట్టిందని గమనించాలి. ఈ 80 అడుగులు నడక నుండి తగ్గుతాయా అన్నది నియమంలో లేదు. ఆటను నడిపే డంజియన్ మాస్టర్ నిర్ణయించాలి.

హడోజీ నియమం, సవరణ

ఈ చిక్కు 2022లో వెలువడిన స్పెల్‌జామర్: అడ్వెంచర్స్ ఇన్ స్పేస్‌తో బయటపడింది. అందులోని హడోజీలు ఎగిరే ఉడుతల వలె కాళ్ళకూ చేతులకూ మధ్య చర్మపు పొర గల కోతి వంటి జాతి. మొదటి ముద్రణ ప్రకారం హడోజీ పడేటపుడు 1 అడుగుకు 5 అడుగులు ప్రక్కకు పోవచ్చు, దానికి కదలిక ఖర్చు లేదు. నిష్పత్తి కంటే ఆ చివరి మాటే ప్రమాదకరమైనది. పరుగెత్తి 3 అడుగులు ఎగిరి దూకితే 3 అడుగుల నడక ఖర్చవుతుంది, దిగుతూ 15 అడుగులు ఉచితంగా దొరుకుతాయి. సమతల నేల మీద కుప్పిగంతులు వేసుకుంటూ గుర్రాన్ని మించిపోవచ్చునని ఆటగాళ్ళు లెక్క కట్టారు.

ప్రచురణకర్తలు అదే సంవత్సరం నియమాన్ని సవరించారు. సవరణ ప్రకారం నేలకు కనీసం 10 అడుగుల ఎత్తున పడుతున్నపుడు మాత్రమే, రియాక్షన్ అనబడే ప్రతిచర్యను వినియోగించి, తన నడక వేగమంత దూరం గ్లైడ్ చేయవచ్చు. పతనపు దెబ్బ ఉండదు. గంతుల లొసుగు మూసుకుపోయింది. కానీ 10 అడుగుల నుండి దూకినా, 400 అడుగుల నుండి దూకినా హడోజీ పోయేది 30 అడుగులే. ఎత్తుకూ దూరానికీ గల సంబంధమే గ్లైడింగ్ అనుకుంటే, ఇక్కడ మిగిలింది పేరు మాత్రమే.

ప్రత్యర్థికి గల అవకాశాలు

ఐదవ కూర్పులో శత్రువు అందుబాటు నుండి తొలగిపోయేవారు అవకాశ దాడికి గురి అవుతారు. గురుత్వాకర్షణ వలన పడిపోతూ శత్రువును దాటితే ఈ దాడి ఉండదు. సవరించిన హడోజీ గ్లైడింగ్ రియాక్షన్‌తో జరిగేది గనుక ఈ మినహాయింపు దానికి వర్తించదు. పైగా ఒకసారి రియాక్షన్ వాడితే తరువాతి వంతు మొదలయ్యే వరకు ఎదురుదాడికి మరొకటి మిగలదు. గ్లైడర్‌ను నిశ్చేష్టుణ్ణి చేసే మంత్రం మరింత ప్రమాదం. సిమిక్, హడోజీ పాత్రలు రెండూ ఆ స్థితిలో గ్లైడింగ్ శక్తిని కోల్పోయి రాయి వలె పడిపోతాయి. రాప్టోరన్‌కు ఉన్న బిగుసుకునే రెక్కల రక్షణ వీటికి లేదు. మొదటి ముద్రణ నియమం ప్రకారం హడోజీ భారీ కవచం ధరించినా గ్లైడ్ చేయలేదు.