కొట్టు మూతపడిన మర్నాడు

మద్యవ్యతిరేక పోరాటాల గురించి మనం రాసుకున్న చరిత్ర చాలావరకు కొట్టు మూతపడటంతో ఆగిపోతుంది. మానినవాడు మర్నాడు ఏ పనికి పోయాడు, ఆ యింట్లో పొయ్యి ఎట్లా వెలిగింది అన్న ప్రశ్న చరిత్రకారులే కాదు, కథకులమైన మనమూ తగినంతగా వేసుకోలేదు.

మా చిత్తూరు సీమకు నిషేధం కొత్తది కాదు. రాజాజీ మంత్రివర్గం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలుపెట్టి, సరిగ్గా ఏడాదికి చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. (మదనపల్లె ప్రాంతం 1911 దాకా కడప జిల్లాలోదే గనుక, ఏ లెక్కన చూసినా మా బి.కొత్తకోట తప్పించుకునే వీలు లేదు.) ఆబ్కారీ ఆదాయం పోయిన లోటు పూడ్చటానికి 1939లో అమ్మకపు పన్ను వచ్చింది. ఈ సంగతి అందరూ రాశారు. అంతకన్నా ముఖ్యమని నాకు తోచేది వేరే వుంది. సేలంలో కల్లు దుకాణాలు పోయిన చోట టీ దుకాణాలు, ఆటలు, భజనలు, పొదుపు సంఘాలు ఏర్పాటు చేయవలసి వచ్చింది. తాగుడు మానిన కూలివాడికి సాయంత్రం పూట ఏం చెయ్యాలన్నది పెద్ద సమస్యేనని ఆ పాలకులకు తెలిసింది. భజనతో ఆకలి, అప్పు తీరవు, నిజమే. కాని ప్రశ్న మాత్రం సరైనదే.

ఆంధ్ర ప్రాంతంలో ఆ నిషేధం 1969లో ముగిసింది. 1980లలో సర్కారు సారా ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేరింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తిరగబడ్డారు. అక్షరాస్యతా తరగతుల్లో చదివిన సీతమ్మ కథ ఆ పోరాటానికి వూపిరి పోసింది. వాచకంలోని పాఠం కొట్టు మూయించగలదని రుజువైన ఘట్టం అది. రచయితలకు అంతకన్నా గౌరవం ఏముంటుంది? 1993 అక్టోబరు 1న సారాను నిషేధించారు. బాబుల బ్రాందీకి మాత్రం 1995 జనవరి 16 దాకా గడువు దొరికింది.

మా నాయన దర్జీ. సారా పోయిన తొలి వారం ఆయన చేతులు సూదిలో దారం ఎక్కించలేకపోయాయి. నిద్ర లేదు, చెమటలు, లేనివి కనబడుతున్నాయని కేకలు. అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బనీ, ఆసుపత్రిలో చూపించాలనీ మాకు చెప్పినవాళ్ళు లేరు. మద్రాసులో టీటీకే ఆసుపత్రి 1980 నుంచే ఈ వైద్యం చేస్తున్నదని నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను.

వణుకు తగ్గింది. పని మాత్రం రాలేదు. కుట్టుమిషను అప్పటికే కుదువలో వుంది. పండక్కి కుట్టిస్తానని తీసుకున్న గుడ్డలు సారాకు అమ్మిన మనిషికి ఎవరిస్తారు? మా అమ్మ యింటింటికీ పోయి అడిగింది. ఒకామె రవికె గుడ్డ చేతిలో పెడుతూ, "నీ మొగం చూసి ఇస్తాండానక్కా, ఆయప్పను చూసి కాదు," అన్నది నాకు యిప్పటికీ వినిపిస్తుంది. బాడుగ మిషను మీద నాయన రవికెలు, బడిపిల్లల నిక్కర్లు కుట్టాడు. కొలతలు అమ్మ తీసుకొచ్చేది, కూలి అమ్మ చేతికే వచ్చేది. ఇంటి యజమాని యింట్లోనే జీతగాడయ్యాడు. అది ఆయనకు మింగుడుపడలేదు. తాగినప్పుడు లేని కోపం మానిన తర్వాత వచ్చింది. పిల్లలం ఆ నిశ్శబ్దానికి ఎక్కువ భయపడ్డాం. మన కథల్లో తాగుబోతు భర్త మారగానే యిల్లు నవ్వుతుంది. మా యిల్లు నవ్వటానికి రెండేళ్ళు పట్టింది.

1997లో నిషేధం సడలి బ్రాందీ షాపులు తెరిచేనాటికి మిషను విడిపించుకున్నాం. షాపు మా దారిలోనే వచ్చింది. నాయన ఆ వీధి వదిలి బస్టాండు వెనక నుంచి చుట్టు తిరిగి యింటికి వచ్చేవాడు. డబ్బుల పెట్టె తాళంచెవి మాత్రం అమ్మ కొంగుకే వుండేది. ఆయన అడగలేదు, ఆమె ఇవ్వలేదు.