చిన్న పలక, పెద్ద బొమ్మ: దోహా టీ షర్టు చరిత్రలో ఒక ఘట్టం

2017 జూన్ 13న దోహాలోని జాసిం బిన్ హమద్ స్టేడియంలో ఖతార్, దక్షిణ కొరియా ఫుట్‌బాల్ జట్లు తలపడ్డాయి. అది 2018 ప్రపంచ కప్పుకు అర్హత పోటీ. ఆటకు ముందు కసరత్తుకు దిగిన ఖతార్ ఆటగాళ్ళ టీ షర్టుల మీద ఆ దేశపు అమీర్, షేక్ తమీమ్ బిన్ హమద్ అల్ థానీ ముఖచిత్రం ఉంది. గోలు చేసిన హసన్ అల్ హైదోస్ అదే బొమ్మ ఉన్న చొక్కాను ఎత్తి ప్రేక్షకులకు చూపించాడు. ఖతార్ 3-2 తేడాతో గెలిచింది. ఆటగాళ్ళ దుస్తుల మీద రాజకీయ సందేశాలు ఉండకూడదన్న నియమం ఉంది కాబట్టి, ఫీఫా ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది.

ఆ చొక్కాల వెనక ఎనిమిది రోజుల చరిత్ర ఉంది. జూన్ 5న సౌదీ అరేబియా, యు.ఏ.ఇ., బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఉన్న ఒక్క భూసరిహద్దూ మూతబడింది. అంతవరకు దుబాయిలోని జెబెల్ అలీ రేవు మీదుగా వచ్చే సరుకును ఒమాన్‌లోని సొహార్, సలాలా రేవులకు మళ్ళించవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే అహ్మద్ అల్ మాదీద్ అనే ఖతారీ చిత్రకారుడు అమీర్ ముఖాన్ని నలుపు తెలుపుల్లో గీసి సామాజిక మాధ్యమాల్లో పెట్టాడు. ‘తమీమ్ అల్ మజ్ద్’ అన్న పేరుతో ఆ బొమ్మ దేశమంతటా పాకింది. కార్ల అద్దాల మీద, ఫోన్ల తొడుగుల మీద, ఎత్తైన భవనాల ముఖాల మీద అదే. కూడళ్ళలో నిలబెట్టిన పెద్ద పలకల మీద ఖతారీలూ, పరదేశీయులూ సంతకాలు చేశారు.

ఈ బొమ్మను రాజకీయ చరిత్రలో భాగంగా చదవడం పరిపాటి. అచ్చు పని చరిత్రలో భాగంగా కూడా దీన్ని చదవవచ్చునని నా ప్రతిపాదన. అరచేతిలో ఇమిడే బొమ్మ, భవనమంత బొమ్మ, ఛాతీ నిండా పరుచుకునే బొమ్మ ఒకటే కావడం ఎలా సాధ్యమైంది?

వేలకొద్దీ చొక్కాలు కావాలంటే తెర అచ్చు ఉంది. ఒకటో, పదో కావాలనుకునేవారికి దిక్కు హీట్ ప్రెస్. దోహాలోనైనా, విజయవాడలోనైనా చిన్న దుకాణాల్లో సాధారణంగా కనబడే హీట్ ప్రెస్ పలక కొలత సుమారు 38 సెంటీమీటర్ల చదరం. దాని పక్కన ఉండే ప్రింటరు మహా అయితే ఏ3 కాగితం తీసుకుంటుంది, అంటే 29.7 × 42 సెంటీమీటర్లు. పెద్దల చొక్కా ఛాతీ వెడల్పేమో 50 సెంటీమీటర్లు దాటుతుంది. అంచు నుంచి అంచుదాకా బొమ్మ కావాలంటే దాన్ని ముక్కలు చేసి, చొక్కాను జరుపుతూ రెండు మూడుసార్లు నొక్కవలసిందే. చిక్కంతా అతుకు దగ్గరే వస్తుంది.

ఆ చిక్కు పద్ధతిని బట్టి మారుతుంది. 1957లో ఫ్రాన్సులో నోయెల్ దె ప్లాస్ గమనించిన సూత్రం మీద నడిచే సబ్లిమేషన్ అచ్చులో, సుమారు 200 డిగ్రీల వేడికి రంగు ద్రవంగా మారకుండానే ఆవిరై పాలియెస్టర్ పోగుల్లోకి దిగుతుంది. రెండోసారి వేడి తగిలితే, దిగిన రంగు మళ్ళీ కదులుతుంది. ఒకదాని మీద ఒకటి పడ్డ చోట నీడలాంటి చార వస్తుంది. కాగితం అంచు కూడా బట్టమీద గీతలా మిగులుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఆ అంచును కత్తిరించరు, చేత్తో చింపుతారు. చిరుగు అంచు గీత పడనివ్వదు. వినైల్ పద్ధతి వేరు. ఒకే రంగు పొరను ఆకారానికి కోసి, 150 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా పది పదిహేను సెకన్లు నొక్కుతారు. అంటుకున్న భాగం మీద టెఫ్లాన్ షీటు కప్పితే అది రెండో వేడిని తట్టుకుంటుంది. నూలు బట్ట మీదా పనిచేస్తుంది.

అల్ మాదీద్ బొమ్మలో రంగుల ఛాయలు లేవు. నల్లని ముద్దలు, వాటి మధ్య తెల్లని ఖాళీలు, అంతే. ఛాయలు లేని బొమ్మను ఎంత పెంచినా చెదరదు. వినైల్ మీద తేలిగ్గా కోయవచ్చు. విభజన రేఖను తెల్లని ఖాళీలోంచి నడిపిస్తే అసలు అతుకే ఉండదు. చిత్రకారుడు దుకాణదారుణ్ణి దృష్టిలో పెట్టుకుని గీశాడని నేననడం లేదు. చిన్న పనిముట్టుకు లొంగే గుణం ఆ గీతలోనే ఉంది. సరుకు దారులు మారుతున్న రోజుల్లో, కొత్త యంత్రాల కోసం ఎదురుచూడకుండా ఉన్నవాటితోనే చేయగల బొమ్మ అది.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవునుంచి పర్షియాకు అద్దకం బట్టలు ఎగుమతి అయ్యేవి. ఇవాళ పెడనలో మంచం నిండే దుప్పటిని అద్దే చెక్క అచ్చు చేతిలో ఇమిడేంతే ఉంటుంది. అచ్చు చెక్కేవాడు తీగ ఎక్కడ ఆగాలో ముందే లెక్కవేస్తాడు. ఒక అచ్చు అంచున ఆగిన తీగ పక్క అచ్చులో కొనసాగుతుంది. అద్దేవాడు కంటితో చూసి కలుపుతాడు. పెద్ద బట్టను చిన్న పనిముట్టుతో నింపడంలో సగం పని నమూనాలోనే జరిగిపోతుంది. దోహా దుకాణంలో జరిగేదీ అదే లెక్క. చెక్క స్థానంలో కాగితం, రంగుతొట్టె స్థానంలో వేడిపలక వచ్చాయి.

తేడా ఒకటుంది. మచిలీపట్నం అద్దకానికి భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ పనికి కనీసం ఊరి పేరైనా దక్కింది. 2017 బొమ్మకు చిత్రకారుడి పేరుంది, దానిలోని మనిషి పేరుంది. చొక్కాను పలకమీద జరిపి, ముడత తీసి, రెండో ముక్కను మొదటిదాని పక్కన వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిపిన చేతికి పేరు లేదు. జనాభాలో ఎనభై అయిదు శాతానికి పైగా పరదేశీయులే అయిన దేశంలో, ఆ చేయి ఎక్కువగా బయటినుంచి బతకవచ్చిన మనిషిదే అయ్యుంటుందని ఊహించడం కష్టం కాదు.

2021 జనవరి 5న అల్ ఉలాలో కుదిరిన ఒప్పందంతో దిగ్బంధం ముగిసింది. పాత అద్దకాన్ని పరీక్షించేటప్పుడు అచ్చు అచ్చును కలిసిన చోటును వెతకవచ్చు. పనివాడి ఆనవాలు అక్కడే దొరుకుతుంది కనుక. దోహాలో పనిచేసి కరీంనగర్‌కో, కడపకో తిరిగివచ్చినవారి పెట్టెలో ఆ నాటి చొక్కా ఏదైనా ఉంటే, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. బొమ్మ మధ్యలో పలక అంచు నొక్కిన సన్నని మెరుపుగీత కనిపించవచ్చు. ఆ పనివాడు వదిలివెళ్ళిన దస్తావేజు అదొక్కటే.