వికెట్ల వెనుక పన్నెండేళ్లు: అంజు జైన్

క్రికెట్ చరిత్రకు మొదటి ఆధారం స్కోరు పట్టిక. 1990లలో భారత మహిళల జట్టు ఆడిన చాలా మ్యాచ్‌లకు టీవీ ప్రసారం లేదు. అందువల్ల ఆనాటి క్రీడాకారిణి ఎలా ఆడిందో తెలుసుకోవాలంటే మిగిలిన అంకెలనే జాగ్రత్తగా చదవాలి. వికెట్ కీపర్‌గా, బ్యాటర్‌గా దేశానికి ఆడిన అంజు జైన్ అంకెలను ఈ పాఠంలో అలా చదివి చూద్దాం.

అంజు జైన్ 1974లో ఢిల్లీలో పుట్టారు. 1993లో ఇంగ్లండ్‌లో జరిగిన ప్రపంచ కప్‌తో అంతర్జాతీయ క్రికెట్‌లో అడుగుపెట్టారు. 2005లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ కప్ దాకా ఆడారు. ఈ పన్నెండేళ్లలో ఆమెకు దక్కినవి 8 టెస్టులు, 65 వన్డేలు. అంటే ఏడాదికి సగటున ఆరు మ్యాచ్‌లు. వన్డేలలో ఆమె వికెట్ల వెనుక 81 మందిని అవుట్ చేశారు. అందులో క్యాచ్‌లు 30, స్టంపింగ్‌లు 51.

ఈ చివరి రెండు అంకెలను గమనించండి. సాధారణంగా కీపర్ల లెక్కలో క్యాచ్‌లే ఎక్కువగా ఉంటాయి. మనందరికీ తెలిసిన మహేంద్ర సింగ్ ధోనీ వన్డేలలో 321 క్యాచ్‌లు పట్టారు, 123 స్టంపింగ్‌లు చేశారు. స్టంపింగ్‌లో మహా నేర్పరిగా పేరుపొందిన ధోనీకి కూడా ప్రతి పది అవుట్లలో మూడుకు మించి స్టంపింగ్‌లు లేవు. అంజు జైన్ లెక్కలో ప్రతి ఎనిమిది అవుట్లలో దాదాపు అయిదు స్టంపింగ్‌లే. ఎందుకిలా?

స్టంపింగ్ ఏం చెబుతుంది?

బ్యాటర్ క్రీజు దాటి ముందుకు వచ్చి బంతిని అందుకోలేకపోయినప్పుడు, ఆమె కాలో బ్యాటో వెనక్కి చేరేలోగా కీపర్ బంతి పట్టి బెయిల్స్ పడగొట్టాలి. ఇందుకు కీపర్ స్టంప్స్‌కు ఆనుకున్నట్టుగా నిలబడాలి. బ్యాట్‌కు తగలని బంతి స్టంప్స్ దాటేవరకు దాన్ని పట్టకూడదన్నది నియమం. పైగా బ్యాటర్ శరీరం అడ్డుగా ఉండటంతో బంతి చివరి క్షణం దాకా కనిపించకపోవచ్చు. బంతి ఎటు తిరుగుతుందో, ఎంత ఎత్తు లేస్తుందో బౌలర్ చేతిని చూసే అంచనా వేయాలి. వేగంగా వేసే బౌలర్‌కు దూరంగా నిలబడితే ఈ అవకాశం దాదాపు ఉండదు.

కాబట్టి 51 స్టంపింగ్‌లు ఒక్క కీపర్ నేర్పునే కాదు, ఆ జట్టు బౌలింగ్ తీరును కూడా చెబుతున్నాయి. మహిళల క్రికెట్‌లో మీడియం పేస్‌కు కూడా కీపర్ దగ్గరగా నిలబడటం ఉన్నదే. అయినా ఆనాటి భారత జట్టుకు ప్రధాన బలం స్పిన్. ఎడమచేతి స్పిన్నర్ నీతూ డేవిడ్ వన్డేలలో 141 వికెట్లు తీశారు. 1995లో జంషెడ్‌పూర్‌లో ఇంగ్లండ్‌పై ఒకే టెస్టు ఇన్నింగ్స్‌లో 53 పరుగులిచ్చి 8 వికెట్లు పడగొట్టారు. హైదరాబాద్‌కు చెందిన ఆఫ్ స్పిన్నర్ పూర్ణిమా రావు నాయకత్వంలో అదే ఏడాది భారత జట్టు న్యూజిలాండ్‌లో సెంటినరీ టోర్నీ గెలిచింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. స్టంపింగ్‌తో వచ్చిన వికెట్ బౌలర్ ఖాతాలోకే వెళుతుంది. మన స్పిన్నర్ల కీర్తి వెనుక ఎప్పుడూ మరో జత చేతులుంటాయి.

బ్యాట్‌తో, నాయకత్వంతో

అంజు జైన్ ఇన్నింగ్స్ ప్రారంభించే బ్యాటర్ కూడా. యాభై ఓవర్లు వికెట్ల వెనుక వంగి లేచి, కాసేపటికే ప్యాడ్లు మార్చుకొని కొత్త బంతిని ఎదుర్కోవడం తేలిక పని కాదు. వన్డేలలో ఆమె 29.81 సగటుతో 1,729 పరుగులు చేశారు. అత్యధిక స్కోరు 90. టెస్టులలో సగటు 36.75, ఒక సెంచరీ. 2000లో న్యూజిలాండ్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో జట్టుకు నాయకత్వం వహించి సెమీఫైనల్‌కు చేర్చారు. అక్కడ ఆతిథ్య జట్టు చేతిలో ఓడిపోయారు. 2005లో భారత మహిళలు మొదటిసారి ప్రపంచ కప్ ఫైనల్ ఆడారు. సెంచూరియన్‌లో ఆస్ట్రేలియా 98 పరుగులతో గెలిచింది. ఆ ఏడాదే ఆమె ఆట ముగిసింది. 2005 సంవత్సరానికి అర్జున అవార్డు లభించింది.

ఈ తేదీలను మరికొన్ని తేదీల పక్కన పెట్టి చూడండి. మన దేశంలో మహిళల క్రికెట్‌ను 1973 నుంచి ప్రత్యేక సంఘం నడిపింది. దానికి నిధులు తక్కువ, పర్యటనలు తక్కువ. ఆ సంఘం భారత క్రికెట్ బోర్డులో విలీనమైనది 2006లో. పురుషులతో సమానంగా మ్యాచ్ ఫీజు ఇస్తామని బోర్డు ప్రకటించినది 2022లో. అంజు జైన్ అంతర్జాతీయ జీవితమంతా విలీనానికి ముందే గడిచిపోయింది. పన్నెండేళ్లలో 8 టెస్టులే ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఆమె ఆటలో వెతికితే దొరకదు, ఆ కాలపు ఏర్పాట్లలో వెతకాలి.

సరిహద్దు దాటిన అనుభవం

ఆట ముగిశాక ఆమె శిక్షకురాలయ్యారు. భారత జట్టుకు, తరువాత బంగ్లాదేశ్ జట్టుకు పనిచేశారు. 2018 జూన్‌లో కౌలాలంపూర్‌లో జరిగిన ఆసియా కప్ ఫైనల్‌లో భారత్ 112 పరుగులు చేసింది. సల్మా ఖాతూన్ నాయకత్వంలోని బంగ్లాదేశ్ ఆఖరి బంతికి 3 వికెట్ల తేడాతో గెలిచింది. అంతకుముందు జరిగిన ఆరు ఆసియా కప్‌లూ భారత్‌వే. ఆ వరుసకు అడ్డుకట్ట వేసిన జట్టుకు పాఠం చెప్పింది ఒకప్పటి భారత కెప్టెన్! దీన్ని ఓటమిగానే చూడనక్కరలేదు. పేద సంఘం నీడలో, కొద్దిపాటి మ్యాచ్‌లతో సంపాదించిన విద్య దక్షిణాసియాలో మరో దేశపు అమ్మాయిలకు అందింది.

2025 నవంబరులో నవీ ముంబైలో భారత మహిళలు తొలిసారి ప్రపంచ కప్ గెలిచినప్పుడు వికెట్ల వెనుక రిచా ఘోష్ ఉన్నారు. కోట్లమంది ఆమె ఆటను కళ్లారా చూశారు. అంజు జైన్‌కు ఆ అవకాశం దక్కలేదు. ఈసారి 1990ల నాటి స్కోరు పట్టిక మీ చేతికి వస్తే బౌలర్ పేరు పక్కన ఉన్న కీపర్ పేరును కూడా చదవండి.