స్టార్ టీవీ – ఆసియా భాషలు: ఉపగ్రహ ప్రసార చరిత్రలో ఒక అధ్యాయం

హాంకాంగ్ కేంద్రంగా 1991లో ప్రసారాలు ప్రారంభించిన స్టార్ టీవీ పూర్తి పేరు ‘శాటిలైట్ టెలివిజన్ ఏషియన్ రీజియన్’. ఆ పేరులోని చివరి మాటకు ప్రాంతమని అర్థం. పరిపాలకుల దృష్టిలో ప్రాంతమంటే ఎల్లలు గల భూభాగం. భాషావేత్తల దృష్టిలో ఒక భాష మాట్లాడే జనసముదాయం నివసించే సీమ. ఈ సంస్థ దృష్టిలో మాత్రం ఒక ఉపగ్రహ సంకేతాలు అందినంత మేర ప్రాంతమే. ఈ మూడు భావనల మధ్య జరిగిన సంఘర్షణే స్టార్ టీవీ చరిత్ర. ఆ చరిత్రలో తెలుగువారికీ కొంత భాగం ఉంది.

ఆ ప్రాంతాన్ని నిర్ణయించిన ఉపగ్రహం కథ విచిత్రమైనది. వెస్టార్-6 పేరుతో 1984 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ నుంచి విడుదలైన ఆ ఉపగ్రహం మోటారు వైఫల్యం వల్ల నిర్ణీత కక్ష్యను చేరలేకపోయింది. అదే సంవత్సరం నవంబరులో డిస్కవరీ వ్యోమనౌక దానిని భూమికి తిరిగి తెచ్చింది. మరమ్మతుల అనంతరం ఆసియాశాట్-1 అన్న కొత్త పేరుతో 1990 ఏప్రిల్ 7న చైనాలోని షిచాంగ్ కేంద్రం నుంచి లాంగ్ మార్చ్ రాకెట్టుపై మళ్లీ ఆకాశానికి చేరింది. దాని సంకేతాలు రెండు పుంజాలుగా ప్రసరించేవి. ఉత్తర పుంజం చైనా, కొరియా, జపాన్ దిశగానూ, దక్షిణ పుంజం ఆగ్నేయాసియా నుంచి భారతదేశం మీదుగా పశ్చిమాసియా వరకూ వ్యాపించేవి.

హచిసన్ వాంపోవా సంస్థ, దాని అధిపతి లీ కాషింగ్ కుటుంబం కలిసి స్టార్ టీవీని నెలకొల్పారు. 1991 చివరినాటికి ఐదు ఛానళ్లు ప్రసారమయ్యేవి: స్టార్ ప్లస్, ప్రైమ్ స్పోర్ట్స్, ఎంటీవీ, బీబీసీ వరల్డ్ సర్వీస్ టెలివిజన్, స్టార్ చైనీస్ ఛానల్. వీటిలో నాలుగు ఆంగ్లంలోనూ, ఒకటి చైనా భాషలోనూ ఉండేవి. వీక్షకుల నుంచి రుసుము వసూలు చేయక, ప్రకటనల ఆదాయంపైనే ఆధారపడడం సంస్థ విధానం. బొంబాయి, మనీలా, తైపీ నగరాల్లోని ఆంగ్లం తెలిసిన సంపన్నులంతా ఒకే అభిరుచి గల ఒకే విపణి అవుతారని సంస్థ అంచనా వేసింది. కోట్లాది ఆసియా ప్రజల మాతృభాషలకు ఆ లెక్కలో చోటు దొరకలేదు.

భారతదేశంలో ఈ ప్రసారాలకు దారి చూపినవారు కేబుల్ ఆపరేటర్లు. 1980లలో వీరు వీడియో క్యాసెట్ల చిత్రాలను తీగల ద్వారా ఇరుగుపొరుగు ఇళ్లకు చేరవేసేవారు. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధ దృశ్యాలను సీఎన్ఎన్ ప్రసారం చేయడంతో డిష్ యాంటెన్నాలపై ఆసక్తి పెరిగింది. స్టార్ ప్రసారాలు మొదలయ్యాక మేడలపై డిష్‌లు, వీధుల మీదుగా తీగలు విస్తరించాయి. అప్పటికి ఈ వ్యాపారాన్ని నియంత్రించేందుకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం తప్ప ప్రత్యేక శాసనమేదీ లేదు. కేబుల్ నెట్‌వర్కుల చట్టం 1995లో గాని రాలేదు.

అయితే ఉపగ్రహ దృశ్యప్రసారం భారతదేశానికి స్టార్‌తో మొదలు కాలేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా అంతరిక్ష సంస్థ సమకూర్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు విద్యా, వ్యవసాయ, ఆరోగ్య కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ‘సైట్’ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హిందీ, ఒరియా, కన్నడంతోపాటు తెలుగులోనూ కార్యక్రమాలు సాగాయి. వాటి నిర్మాణ కేంద్రాలలో హైదరాబాదు కూడా ఒకటి. ఒకే దృశ్యానికి రెండు భాషల ధ్వని జతచేసే ఏర్పాటు ఆ ఉపగ్రహంలో ఉండేది. గ్రామంలో ఒకే టెలివిజన్ సెట్టు ముందు కూర్చున్న రైతుకు అతని భాషలోనే చెప్పాలన్నది ఆ ప్రయోగంలో మొదటి నియమం. పదిహేనేళ్ల తరువాత వచ్చిన స్టార్ ఈ పాఠాన్ని మొదటినుంచీ నేర్చుకోవలసి వచ్చింది.

ఆ పాఠం మొదట హిందీ రూపంలో ఎదురయింది. ఆసియాశాట్‌పై స్టార్ ద్వారా లభించిన ట్రాన్స్‌పాండరు ఆధారంగా 1992 అక్టోబరులో జీ టీవీ హిందీ ప్రసారాలు ప్రారంభించింది. నాడు ప్రైవేటు సంస్థలు భారతదేశం నుంచి ఉపగ్రహానికి ప్రసారాలు పంపే వీలు లేనందున కార్యక్రమాల టేపులు హాంకాంగ్ చేరి, అక్కడినుంచి తిరిగి భారతీయుల ఇళ్లకు వచ్చేవి. ప్రేక్షకాదరణలో స్టార్ ఆంగ్ల ఛానళ్లను జీ అనతికాలంలోనే మించింది. 1993 జూలైలో స్టార్‌లో 63.6 శాతం వాటాను రూపర్ట్ మర్డోక్ అధిపతిగా గల న్యూస్ కార్పొరేషన్ 52.5 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ ఏడాదే జీ ప్రసార సంస్థలోనూ దాదాపు సగం వాటా తీసుకున్నది. 1995లో స్టార్ మొత్తం మర్డోక్ సంస్థ వశమైంది.

రెండవ పాఠం రాజకీయమైనది. ఉపగ్రహ ప్రసారాలు నిరంకుశ ప్రభుత్వాలకు ప్రమాదకరమని మర్డోక్ 1993 సెప్టెంబరులో లండన్‌లో ప్రసంగించారు. కొద్ది వారాలకే చైనా ప్రభుత్వం పౌరులు డిష్ యాంటెన్నాలు పెట్టుకోవడంపై తీవ్ర ఆంక్షలు విధించింది. 1994 ఏప్రిల్‌లో ఉత్తర పుంజం నుంచి బీబీసీ తొలగింది. దక్షిణ పుంజంలో అది మరికొంత కాలం కొనసాగింది. ఎంటీవీ స్థానంలో అదే సంవత్సరం వచ్చిన ఛానల్ వి కూడా చైనా వైపు ఒకటిగా, భారత్ వైపు మరొకటిగా రూపొందింది. ఒకటే అనుకున్న ప్రాంతం మూడేళ్లలోనే రెండుగా చీలింది.

దక్షిణ భారత భాషలు స్టార్ కోసం వేచి ఉండలేదు. 1993లో తమిళంలో సన్ టీవీ, మలయాళంలో ఏషియానెట్, 1995లో తెలుగులో జెమిని, ఈటీవీ ప్రారంభమయ్యాయి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లోనే ఏర్పడినా, 1982లో జాతీయ కార్యక్రమం మొదలయ్యాక రాత్రివేళ ప్రధాన సమయం ఢిల్లీకే దక్కింది. తెలుగు ప్రేక్షకులు రాత్రి భోజనవేళ తమ భాషను వినాలని కోరుకోవడంలో వింత లేదు. ఆ కోరికను హాంకాంగ్ గాని, ఢిల్లీ గాని సకాలంలో గుర్తించలేదు.

స్టార్ ప్లస్ 1996లో హిందీ కార్యక్రమాలకు చోటిచ్చింది. 1999లో జీతో భాగస్వామ్యం ముగిశాక, 2000 జూలైలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’తో హిందీ ఛానల్‌గా నిలదొక్కుకుంది. 2009లో మాతృసంస్థ ఆసియా విభాగాన్ని విడదీసి, భారత, చైనా వ్యాపారాలను వేరు చేసింది. ‘ఏషియన్ రీజియన్’ అన్న భావన అంతటితో ముగిసినట్లే. 2015లో స్టార్ తెలుగు ఛానల్ మా టీవీని స్వాధీనం చేసుకున్నది. నాలుగు ఆంగ్ల ఛానళ్లతో ఆసియానంతటినీ ఏకం చేయబోయిన సంస్థ చివరకు ‘మా’ అన్న మాటను తన పేరు పక్కన చేర్చుకోవలసి వచ్చింది. తరువాత 2019లో ఈ వ్యాపారం డిస్నీ పరమైంది. 2024 నవంబరులో రిలయన్స్ మాధ్యమ వ్యాపారంతో విలీనమైంది.

భాష గెలిచిందని ఇక్కడ సంతృప్తి చెందవచ్చు. కాని గెలిచిన తీరును గమనించాలి. 1975లో తెలుగు గ్రామానికి తెలుగులో ప్రసారం చేసినవారు ఆ గ్రామస్థుని పౌరునిగా భావించారు. బోధన పాలు ఎక్కువై, వినోదం పాలు తక్కువై ఉండవచ్చు. ఆ ప్రయోగం ఒక్క ఏడాదితో ఆగిపోయింది. తరువాతి కాలంలో తెలుగు ప్రసారాలకు నిలకడ తెచ్చింది ప్రకటనల ఆదాయం. అది ప్రేక్షకుని కొనుగోలుదారుగా లెక్కించింది. కోట్లమంది మాట్లాడే భాషకు ఈ లెక్క అనుకూలించింది. గోండి, కోయ, సవర వంటి భాషలకు అదే లెక్క ప్రతికూలమైంది.

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటి వినియోగం ప్రజాప్రయోజనానికి లోబడి ఉండాలని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పింది. ఆ ప్రజల భాషలు అనేకం. ఒక భాషలో ప్రసారానికి ఆ భాషీయుల కొనుగోలు శక్తే అర్హత అయితే, చిన్న భాషల వాటా ఎవరి బాధ్యత అన్న ప్రశ్న మిగులుతుంది. స్టార్ టీవీ ప్రస్థానం ఆ ప్రశ్నకు సమాధానం ఇవ్వలేదు. వాణిజ్య సంస్థ ఇవ్వలేని ఆ సమాధానాన్ని ప్రజా ప్రసార వ్యవస్థలే ఇవ్వవలసి ఉంటుందని మాత్రం ఆ చరిత్ర స్పష్టం చేస్తున్నది.